గృహ అక్వేరియంలో నీటి ఉష్ణోగ్రత

అక్వేరియం అనగా అలంకార చేపలను పెంచుటకు ఉపయోగించే గాజు తొట్టి. ఇందులోని నీటి ఉష్ణోగ్రతను చేపలకు హాని కలగని పరిమితులలో నిలిపి ఉంచటం చేపల పెంపకంలో ప్రధానమైన పని. సాధారణంగా అంగళ్ళలో అమ్మే ఉష్ణమండలపు చేపలకు 24 నుండి 28 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. తెలంగాణ రాష్ట్రంలోని మెదక్ పట్టణం వంటి చోట్ల ఈ పరిమితి సంవత్సరంలో రెండు మార్లు దాటిపోతుంది. ఏప్రిల్, మే నెలలలో నీరు మితిమీరి వేడెక్కుతుంది; డిసెంబరు, జనవరి రాత్రులలో మితిమీరి చల్లబడుతుంది. చల్లని దేశాలలో వెలువడిన పుస్తకాలలో హీటరు గురించి పుటల కొద్దీ వ్రాసి, నీటిని చల్లబరచటం గురించి నాలుగు మాటలతో ముగిస్తారు. మెదక్‌లో అవసరం దాదాపు ఇందుకు విరుద్ధంగా ఉంటుంది.

చరిత్ర

చేపలను కుండలలో, తొట్లలో పెంచటం చైనాలో ప్రాచీన కాలం నుండి ఉన్నది. బంగారు చేప (గోల్డ్ ఫిష్) అక్కడ పుట్టిన పెంపుడు జాతియే. గాజు తొట్టిలో చేపలను, మొక్కలను కలిపి ఉంచితే నీరు చెడకుండా నిలుస్తుందని 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త ప్రయోగం ద్వారా చూపాడు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజలు చూచుటకు చేపల గృహం తెరువబడింది. అక్వేరియం అను పదాన్ని ఈ అర్థంలో వ్యాప్తి చేసినది ఫిలిప్ హెన్రీ గాస్. భారతదేశంలో ముంబైలోని తారాపోర్‌వాలా అక్వేరియం 1951లో ప్రారంభమైంది. మన దేశంలో అలంకార చేపల పెంపకానికి పశ్చిమ బెంగాల్, చెన్నైలోని కొళత్తూరు ప్రాంతం పేరుపొందినవి.

చేపలపై ఉష్ణోగ్రత ప్రభావం

చేపలు శీతల రక్త జంతువులు. మనుష్యుల వలె వీటి శరీరం తన వేడిని తాను నిలుపుకొనలేదు. నీటి ఉష్ణోగ్రత ఎంతో చేప దేహపు ఉష్ణోగ్రత కూడా దాదాపు అంతే. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చేప శరీరంలోని జీవక్రియల వేగం సుమారు రెండింతలవుతుంది. అనగా ప్రాణవాయువు (ఆక్సిజన్) అవసరం కూడా ఆ మేరకు పెరుగుతుంది.

చిక్కు ఏమనగా, నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గిపోతుంది. సముద్రమట్టం వద్ద 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలదు. 25 డిగ్రీల వద్ద 8.3, 30 డిగ్రీల వద్ద 7.6, 35 డిగ్రీల వద్ద 7 మిల్లీగ్రాములు మాత్రమే. ఇవి గరిష్ఠ పరిమాణాలు. చేపలు, కుళ్ళుతున్న మేత, బాక్టీరియా ఉన్న తొట్టిలో వాస్తవంగా ఉండేది ఇంతకంటె తక్కువ. కావలసినది పెరిగి, దొరికేది తగ్గుట వలన చేపలు నీటి పైభాగానికి వచ్చి నోళ్ళు తెరచి రొప్పుతాయి. వేసవిలో "వేడికి చచ్చిపోయినవి" అనుకొనే చేపలలో పెక్కు నిజానికి ఊపిరి అందక చనిపోయినవే. మొక్కలు గల తొట్టిలో ఈ ప్రమాదం తెల్లవారు జామున ఎక్కువ, ఏలననగా రాత్రి వేళ మొక్కలు కూడా ప్రాణవాయువును వాడుకొంటాయి. వేసవిలో ఎండిపోతున్న చెరువులలో తెల్లవారేసరికి చేపలు తేలి ఉండుటకు కూడా తరచుగా ఇదే కారణం.

రెండవ ప్రమాదం అమ్మోనియా. చేపల విసర్జన నుండి వచ్చే అమ్మోనియా నీటిలో రెండు రూపాలలో ఉంటుంది. అందులో అయాను కాని రూపమే విషం. నీటి క్షారగుణం, ఉష్ణోగ్రత పెరిగిన కొద్దీ ఈ విషరూపం భాగం పెరుగుతుంది. పీహెచ్ 8 గల నీటిలో 20 డిగ్రీల వద్ద మొత్తం అమ్మోనియాలో సుమారు 4 శాతం విషరూపంలో ఉంటే, 30 డిగ్రీల వద్ద అది సుమారు 7.5 శాతం అవుతుంది. మెదక్ పరిసరాలలోని నేల రాతి నేల. ఇటువంటి చోట బోరు నీరు సాధారణంగా కఠినంగా, కొంత క్షారంగా ఉంటుంది. కనుక చలికాలంలో చేపలను బాధించని నీరే, అదే మేత, అదే శుభ్రతతో మే నెలలో వాటిని చంపవచ్చును.

చలి చేసే హాని వేరు విధం. చేప మందగించి అడుగున పడి ఉంటుంది, మేత ముట్టదు, జీర్ణశక్తి తగ్గుతుంది, రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది. చలికాలంలో విరివిగా కనబడే తెల్లమచ్చ వ్యాధి (ఇక్) ఇటువంటి అదనులోనే విజృంభిస్తుంది. ఇక్తియోఫ్తిరియస్ అను ఏకకణ పరాన్నజీవి ఇందుకు కారణం. చేప ఒంటిపైన, రెక్కలపైన ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు కనబడతాయి. వెచ్చని నీటిలో కొద్ది రోజులలో ముగిసే ఈ జీవి జీవితచక్రం చల్లని నీటిలో వారాల పాటు సాగుతుంది. మందు పనిచేసేది పరాన్నజీవి చేపను వదలి నీటిలో ఈదే దశలోనే కనుక, చల్లని తొట్టిలో రెండు రోజులు మందు వేసి ఆపితే ఫలితం ఉండదు.

వీటన్నిటికంటె హఠాత్తుగా వచ్చే మార్పు ప్రమాదకరం. రోజుల మీద నెమ్మదిగా 30 డిగ్రీలకు చేరిన నీటిని ఓర్చుకొనే చేప, పది నిమిషాలలో 30 నుండి 24కు దింపితే తట్టుకొనలేదు. గంటకు ఒక డిగ్రీకి మించకుండా మార్చటం క్షేమం.

మెదక్ వాతావరణం

మెదక్ దక్కను పీఠభూమిపై, మంజీరా నదికి సమీపంలో ఉన్నది. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటటం ఇక్కడ సాధారణం. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయను సామెత ఈ ప్రాంతానికి చక్కగా వర్తిస్తుంది. మృగశిర కార్తెతో, అనగా జూన్ మొదటి పక్షంలో, వానలు మొదలై వేడి తగ్గుతుంది. చలికాలంలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సమీపానికి, కొన్ని సంవత్సరాలలో అంతకు దిగువకు కూడా పడిపోతుంది. తెలంగాణలో చలి ఎక్కువగా నమోదయ్యే చోట్లలో మెదక్ ఒకటి. ఆ దినాలలోనే మధ్యాహ్నం 28 డిగ్రీలు దాటటం కద్దు. ఒకే రోజులో ఇంత తేడా ఉండుట వలన చిన్న తొట్లలోని చేపలకు చలికంటె ఈ ఊగిసలాటే ఎక్కువ కీడు చేస్తుంది.

ఇంటి కట్టడాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. పాత పెంకుటిండ్ల మందపు మట్టిగోడల గదులు మధ్యాహ్నం కూడా కొంత చల్లగా ఉంటాయి. సిమెంటు స్లాబు వేసిన డాబా ఇంటిలో పై అంతస్తు గది సాయంకాలం తరువాత మరింత ఉడుకుతుంది. పగలంతా ఎండను త్రాగిన స్లాబు అర్ధరాత్రి వరకు ఆ వేడిని లోపలికి వదలుతుంది. అందువలన తొట్టిలో నీరు అత్యధికంగా వేడెక్కేది మధ్యాహ్నం కాదు, సాయంకాలం దాటిన తరువాత. ఉష్ణోగ్రతను మధ్యాహ్నం ఒకసారి చూచి సరిపెట్టుకొనేవారికి ఈ సంగతి తెలియదు.

తొట్టి పరిమాణం, స్థానం

నీరు ఎంత ఎక్కువ ఉంటే ఉష్ణోగ్రత అంత నిదానంగా మారుతుంది. నాలుగైదు లీటర్ల గాజు గోళం గదితో పాటే వేడెక్కి గదితో పాటే చల్లబడుతుంది. వంద లీటర్ల తొట్టి గది ఉష్ణోగ్రతకు గంటల తరబడి వెనుకబడి ఉంటుంది, కనుక పగటి వేడి శిఖరమూ రాత్రి చలి పాతాళమూ చేపలకు పూర్తిగా తగలవు. బల్లపై అందంగా కనబడే గోళం నిజానికి చేపకు అన్నిటికంటె కష్టమైన ఇల్లు. చోటు తక్కువైనవారు కూడా 50 లీటర్లు పట్టే రెండడుగుల తొట్టికి తగ్గకుండా ఉండటం మంచిది.

తొట్టిని క్రింది అంతస్తులో, తూర్పు లేదా ఉత్తరపు గోడ వైపు, కిటికీ ఎండ పడని చోట ఉంచవలెను. పడమటి గోడకు ఆనించరాదు. వంటింటి ప్రక్కన, ఫ్రిజ్ వెనుక భాగం నుండి వేడి గాలి తగిలే చోట కూడా పనికిరాదు. నిండిన తొట్టిని కదల్చటం అసాధ్యం కనుక ఈ ఆలోచన నీరు పోయక ముందే చేయవలెను. తొట్టిలో దీపం, పంపు కూడా నీటిని వేడెక్కిస్తాయి. పాత ట్యూబులైట్లకు, బల్బులకు బదులు ఎల్‌ఈడీ దీపాలు వాడితే వేడి తగ్గుతుంది. వేసవిలో దీపాన్ని రాత్రి మాత్రం కొద్ది గంటలు వెలిగిస్తే చాలు.

ఉష్ణోగ్రతను కొలుచుట

చేతిని ముంచి చూచి చెప్పే అంచనా నమ్మదగినది కాదు. ఎండలో నుండి వచ్చిన చేతికి 32 డిగ్రీల నీరు కూడా చల్లగానే తోస్తుంది. గాజు థర్మామీటరు చవకయినది, సరిపోతుంది. ఆల్కహాలు (ఎర్ర ద్రవం) గలదానినే కొనవలెను, పాదరసం గలది పగిలితే నీరు విషపూరితమవుతుంది. గాజుకు బయట అంటించే పట్టీలు గది గాలి ప్రభావం వలన తప్పు చూపవచ్చును. తీగ చివర కొలిచే భాగం గల డిజిటల్ పరికరం సౌకర్యం. తెల్లవారుజామున ఒకసారి, రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల ప్రాంతంలో ఒకసారి వారం రోజులు వ్రాసిపెట్టుకొంటే ఆ ఇంటిలో తొట్టి నడవడి తెలిసిపోతుంది.

వేసవిలో చల్లబరచుట

మెదక్ వేసవి పొడి వేసవి. ఇది మనుష్యులకు బాధాకరమైనా అక్వేరియం పెంచేవారికి ఒక వరం, ఎందుకనగా పొడి గాలిలో నీరు వేగంగా ఆవిరవుతుంది, ఆవిరవుతూ వేడిని తీసుకొనిపోతుంది. మట్టికుండలో నీరు చల్లబడుటకు, ఎయిర్ కూలరు పనిచేయుటకు మూలం ఇదే. తొట్టి మూత తీసివేసి, చిన్న ఫ్యాను గాలిని నీటి ఉపరితలంపై ఏటవాలుగా పడేటట్లు అమర్చితే నీరు 2 నుండి 4 డిగ్రీల వరకు తగ్గుతుంది. ఒక లీటరు నీరు ఆవిరగుటకు సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి కావలెను. 50 లీటర్ల నీటిని 2 డిగ్రీలు దింపుటకు తీసివేయవలసిన వేడి 420 కిలోజౌళ్ళు. అనగా గ్లాసెడు నీరు ఆవిరైతే ఆ పని జరుగుతుంది. అయితే గది నుండి వేడి తిరిగి చేరుతూనే ఉంటుంది కనుక ఫ్యాను ఆగకుండా నడవవలెను, రోజుకు ఒకటి రెండు లీటర్ల నీరు తగ్గినా ఆశ్చర్యపడనవసరం లేదు. తగ్గిన నీటిని రోజూ పూరించవలెను. ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు తొట్టిలోనే మిగిలిపోతాయి. పదే పదే కఠినమైన బోరు నీరు పోయటం వలన లవణాలు పేరుకొంటాయి గనుక వారానికొకసారి నాలుగవ వంతు నీటిని మార్చటం మానరాదు.

మూత తీసినపుడు పైకి ఎగిరే చేపలు బయటపడకుండా దోమతెర వంటి వల కప్పవలెను. జూలై తరువాత గాలిలో తేమ పెరిగినపుడు ఫ్యాను వలన అంత ఫలితం ఉండదు, కాని అప్పటికి దాని అవసరం కూడా తగ్గుతుంది. గదిలో కూలరు నడుస్తుంటే తొట్టికి కూడా మేలు జరుగుతుంది, అయితే దోమల మందు, అగరుబత్తి పొగలు గాలి పంపు ద్వారా నీటిలోకి పోకుండా చూడవలెను.

మంచు అత్యవసర సమయాలలో పనికివస్తుంది. మంచుగడ్డలను నేరుగా నీటిలో వేయరాదు. ప్లాస్టిక్ సీసాలో నీరు నింపి, గడ్డకట్టినపుడు వ్యాకోచించుటకు కొంత చోటు వదలి, మూత బిగించి గడ్డకట్టించి తొట్టిలో తేలవేయవలెను. ఒక లీటరు మంచు కరిగి తొట్టి వేడికి చేరేలోగా సుమారు 450 కిలోజౌళ్ళు గ్రహిస్తుంది. 50 లీటర్ల తొట్టిలో ఇది రెండు డిగ్రీల తగ్గుదల. కనుక అటువంటి తొట్టిలో ఒకేసారి ఒక్క సీసానే వేయవలెను. పది లీటర్ల గోళంలో అదే సీసా పది డిగ్రీలు దింపి చేపను చంపగలదు. ఉదయం వేసి సాయంకాలం మరచిపోతే చేప పగలు చలికి, రాత్రి వేడికి గురి అవుతుంది. అందువలన మంచు కంటె ఫ్యానే మేలు. శీతలీకరణ యంత్రాలు (చిల్లర్లు) కూడా దొరుకుతాయి గాని, ఖరీదు రీత్యా డిస్కస్ వంటి విలువైన చేపలకు, సముద్రపు చేపల తొట్లకు తప్ప సామాన్య గృహస్థులు వాడరు.

నీటిని ఎంత చల్లబరచినా ఈ దినాలలో గాలి పంపు రాత్రింబవళ్ళు నడవవలెను. బుడగలు తమలోని గాలిని నీటికి ఇచ్చేది కొంతే. అవి నీటిని పైకి క్రిందికి కదిపి ఉపరితలం ద్వారా ప్రాణవాయువు చేరేటట్లు చేయటం ముఖ్యం. మేతను సగానికి తగ్గించవలెను. వేసవిలో కొత్త చేపలను చేర్చరాదు. 31, 32 డిగ్రీల నీటిలో బాగా గాలి ఆడే, చేపలు పలుచగా ఉన్న తొట్టి గట్టి జాతులతో వేసవిని గట్టెక్కుతుంది. క్రిక్కిరిసిన తొట్టి 30 డిగ్రీలకే కూలిపోవచ్చును.

మార్చే నీటి విషయంలో ఒక హెచ్చరిక. మే నెల మధ్యాహ్నం డాబాపైన నల్లని ప్లాస్టిక్ ట్యాంకులోని నీరు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. తొట్టి వేడెక్కినదని గాభరాపడి కుళాయి త్రిప్పి నీరు పోస్తే అది చేపలను ఉడికించినట్లే. నీటిని తెల్లవారుజామున పట్టి, బక్కెటలో నీడన ఉంచి, థర్మామీటరుతో పోల్చి చూచిన తరువాతనే పోయవలెను. పురపాలక సంఘపు కుళాయి నీటిలో క్లోరిన్ ఉండవచ్చును కనుక ఒక రోజు వెడల్పు పాత్రలో నిలువ ఉంచటం లేదా సోడియం థయోసల్ఫేటు (యాంటీ క్లోరిన్) వాడటం అవసరం.

విద్యుత్తు అంతరాయం

వేసవి సాయంకాలాలలో ఈదురుగాలులు, ఉరుములతో కూడిన వానలకు తీగలు తెగి కరెంటు పోవటం మెదక్ ప్రాంతంలో మామూలే. ఫ్యాను, గాలి పంపు రెండూ ఒకేసారి ఆగిపోయేది, తొట్టి అత్యధికంగా వేడెక్కి ఉండేది ఆ సాయంకాలమే. ఇన్వర్టరు ఉన్న ఇంటిలో గాలి పంపును దానికి కలుపవలెను, ఇది వాడే విద్యుత్తు కొద్ది వాట్లే. లేనివారు బ్యాటరీతో నడిచే పంపు సిద్ధంగా ఉంచుకొనవచ్చును. ఏదీ లేనపుడు చెంబుతో నీరు తీసి జానెడెత్తు నుండి తిరిగి పోస్తూ ఉండటం చాలా చేపలను కాపాడిన పద్ధతి. గంటకు రెండు మూడు సార్లు, ఒక్కొక్కసారి అయిదు నిమిషాలు చేయవలెను. అప్పుడు మేత వేయరాదు. మూసి ఉండే డబ్బా ఫిల్టరు చాలా గంటలు ఆగిపోతే లోపలి బాక్టీరియా చనిపోయి నీరు మురుగుతుంది. కరెంటు రాగానే ఆ నీరు తొట్టిలోకి పోకుండా ముందు కడగవలెను.

చలికాలంలో హీటరు

నవంబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు ఉష్ణమండల చేపలకు థర్మోస్టాట్ గల హీటరు అవసరం. లీటరుకు ఒక వాటు చొప్పున లెక్క. 50 వాట్ల హీటరు 50 లీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడెక్కించుటకు నష్టాలు లేకున్నా సుమారు 70 నిమిషాలు పడుతుంది, కనుక నిదానమే దీని గుణం. ఇంతకు మించి శక్తిగల హీటరు థర్మోస్టాట్ చెడి ఆగకుండా వెలిగినపుడు ఒక్క రాత్రిలో చేపలను చంపగలదు. 25 డిగ్రీల వద్ద అమర్చి, నీరు కదిలే చోట, అడుగున రాళ్ళలో కూరుకొనకుండా నిలుపవలెను. గాజు హీటరును నీటి బయటకు తీసే ముందు ప్లగ్గు తీసి పదిహేను నిమిషాలు ఆగకపోతే అది పగులుతుంది.

నీరు, విద్యుత్తు ఒకచోట ఉన్నవను సంగతి మరువరాదు. తొట్టిలో చేయి పెట్టే ముందు అన్ని ప్లగ్గులు తీయవలెను. ప్లగ్గు వద్దకు పోయే తీగ ముందుగా క్రిందికి వ్రేలాడి తరువాత పైకి పోవలెను, లేనిచో తీగ వెంట జారిన నీరు సాకెట్టులోకి చేరుతుంది. ఎర్తింగు సరిగా ఉండటం, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అమర్చుకొనటం క్షేమం. బకెట్ నీళ్ళు కాచుకొనే ఇమ్మర్షన్ హీటరును అక్వేరియంలో ఎట్టి పరిస్థితిలోను వాడరాదు.

హీటరు లేని ఇంటిలో రాత్రి తొట్టికి మూడు వైపుల థర్మోకోల్ పలకలు ఆనించి, మూతపైన దుప్పటి కప్పి, కిటికీ మూసితే ఒకటి రెండు డిగ్రీలు నిలుస్తాయి. గాలి పంపు నడుచుటకు సందు వదలవలెను.

మెదక్‌కు తగిన చేపలు

పరికరాలతో పోరాడటం కంటె వాతావరణానికి తగిన చేపను ఎంచుకొనటం తెలివైన పని. గప్పీ, మోలీ, గౌరామి, జీబ్రా డానియో గట్టి జాతులు. గౌరామికి, ఫైటర్‌కు (బెట్టా) తలలో ప్రత్యేకమైన శ్వాసాంగం ఉండుట వలన ఇవి నీటిపైకి వచ్చి గాలిని నేరుగా పీల్చగలవు. ఈ ప్రాంతపు చెరువులలోని కొర్రమీను కూడా ఇదే విధంగా గాలి పీల్చి, ఎండే మడుగులలో సైతం బ్రతుకుతుంది. దీనిని 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు. అయితే ఇది మాంసాహారి, పెద్దదిగా పెరిగేది. అలంకార చేపలతో కలిపి పెంచరాదు. ఫైటర్ వేసవిని తట్టుకొన్నా చలిని ఓర్వదు. దానిని చిన్న సీసాలో పెట్టి జనవరి రాత్రి కిటికీలో ఉంచటం క్రూరత్వమే.

బంగారు చేప అందరికీ పరిచితమైనా మెదక్ వేసవికి తగినది కాదు. 18 నుండి 24 డిగ్రీల నీరు దానికి హితం, చలికి హీటరు అవసరం లేదు. కాని ఎక్కువ ప్రాణవాయువు వాడుతుంది, ఎక్కువ మలినం చేస్తుంది. నియాన్ టెట్రా కూడా ఎక్కువ వేడిని ఓర్వదు. డిస్కస్ 28 నుండి 30 డిగ్రీల నీటిని కోరేది కనుక వేసవిలో కొంత నయం గాని, చలికాలమంతా హీటరుపై ఆధారపడుతుంది, అనుభవం లేనివారికి తగదు. బంగారు చేపను, డిస్కస్‌ను ఒకే తొట్టిలో వేస్తే ఏ ఉష్ణోగ్రత వద్దనైనా రెండింటిలో ఒకటి బాధపడుతుంది.

హైదరాబాదు నుండి చేపలను తెచ్చుకొనేవారు సుమారు వంద కిలోమీటర్ల ప్రయాణాన్ని తెల్లవారుజామున లేదా రాత్రి పూట పెట్టుకొనవలెను. 2022లో అక్కన్నపేట–మెదక్ రైలు మార్గం ప్రారంభమైనప్పటి నుండి బస్సుతో పాటు రైలు సౌకర్యం కూడా ఉన్నది. ప్లాస్టిక్ సంచిని థర్మోకోల్ పెట్టెలో ఉంచి, ఇంటికి చేరిన పిదప సంచిని విప్పక ఇరవై నిమిషాలు తొట్టిలో తేలవేసి, తరువాత కొంచెం కొంచెంగా తొట్టి నీటిని కలిపి చేపను వదలవలెను.

వేసవిలో చేపలను కాపాడలేక పోచారం జలాశయంలోనో, మంజీరాలోనో, ఊరి చెరువులోనో వదలివేయటం దయ అనుకొనేవారు ఉన్నారు. ఇది తగదు. గాజును నాకే చేపగా అమ్మే సక్కర్ క్యాట్‌ఫిష్ అక్వేరియంల నుండి బయటపడి తెలుగు రాష్ట్రాల చెరువులలో, కాలువలలో విస్తరించి, దెయ్యం చేప అను పేరుతో మత్స్యకారుల వలలను చింపుతూ, స్థానిక చేపల మేతకు, గుడ్లకు ముప్పుగా మారింది. పెంచలేని చేపలను అమ్మిన అంగడికి గాని, పెద్ద తొట్టి గల పెంపకందారుకు గాని ఇవ్వవలెను.